రెక్కలాయప్ప ఏ పక్క నుంచి వచ్చాడు

మొన్న కర్నూలులో వైద్యవిద్య చదువుతున్న మా మనవరాలు, ఎప్పుడూ పాత పుస్తకాల మధ్య కూర్చునే తాతకు కాస్త మార్పుగా ఉంటుందని, చల్లగాలి మిషన్లున్న సినిమా హాలుకు నన్ను వెంటబెట్టుకుపోయింది. రంగుల బొమ్మల పుస్తకంలో పుట్టి అక్కడి నుంచి తెరకెక్కిన ఒక మహాబలుడి కథ అది. భుజాలకు కట్టుకున్న వస్త్రం వెనక రెపరెపలాడుతుండగా అతడు మేడల మీదుగా ఎగురుతూ తెర ఎడమ అంచు నుంచి ప్రత్యక్షం కాగానే, నేనెక్కడున్నానో మరచి, "ఎడమపక్క నుంచి వస్తున్నాడే, జనం ఒప్పుకుంటారా" అని కాస్త గట్టిగానే అన్నాను. ముందు వరుసలోని కుర్రవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. మనవరాలు నా చెయ్యి నొక్కి ఊరుకోబెట్టింది. ఇంటికి వచ్చే దారిలో సంగతంతా చెబితే ఆ పిల్ల నమ్మలేదు, ఆధారమేమిటని అడిగింది. నాకు కోపం రాలేదు సరికదా, ఈ జబ్బు మా వంశంలో నాతోనే ఆగిపోలేదని సంతోషం కలిగింది. చూపడానికి నా దగ్గర ఇప్పుడు ఆధారాలేమీ లేవు. గుడారపు సినిమాలో ఇసుక మీద కూర్చున్న నా ఈడు పాఠకులు కొందరైనా ఉంటారని, నేను పొరబడిన చోట దిద్దుతారని నమ్మి రాస్తున్నాను.

అవి యుద్ధం జరుగుతున్న రోజులు. నేను మద్రాసులో భౌతికశాస్త్రం చదివి పట్టా పుచ్చుకొని, జమ్మలమడుగులో సైన్సు చెప్పడానికి కుదిరి, అక్కడే మగ్గాల వీధిలో ఉన్న మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. ఎవరేమన్నా పరీక్షించి చూడనిదే ఒప్పుకోని స్వభావం అప్పటికే నాలో ముదిరిపోయింది. గ్రహణం పట్టినప్పుడే పళ్లెంలో రోకలి నిలబడుతుందని ఇంట్లో వాళ్లంటే, గ్రహణం లేని రోజు కూడా నిలబెట్టి చూపించి, అక్క అత్తగారి చేత చీవాట్లు తిన్నవాణ్ణి. మా బావది తరతరాల నేత కుటుంబం. యుద్ధం వల్ల నూలు దొరకడం కష్టమై వీధిలో సగం మగ్గాలు మూగపోయినప్పుడు ఆయన మగ్గం గుంతలో నుంచి లేచి, బళ్లారిలో ఎవరో వదిలించుకుంటున్న గుడారాన్ని, పాత ప్రొజెక్టరును, దానికి కరెంటు అందించే ఆయిలింజనును తెచ్చి, పెన్నేటి ఒడ్డున ఇసుకలో టూరింగు టాకీసు నిలబెట్టాడు. తెర మాత్రం బయట కొనలేదు. తనకు చిక్కిన ఆఖరి నూలుతో, అక్క కండెలు చుట్టి ఇవ్వగా, స్వయంగా నేసుకున్నాడు. మగ్గం వెడల్పు చాలక రెండు గుడ్డలుగా నేసి కలిపి కుట్టడం వల్ల ఆ తెరకు నడుమ నిలువునా ఒక కుట్టు ఉండేది. దగ్గరగా చూపించిన ప్రతి ముఖానికీ ముక్కు మీదుగా ఒక గీత పడేది. నాయికలు కూడా ఆ గీతను తప్పించుకోలేకపోయారు.

ఇక రెక్కలాయప్ప సంగతి. కడప దగ్గర యుద్ధవిమానాల కోసం ఒక మైదానం ఉండేదని ఆ కాలం వారికి గుర్తుండే ఉంటుంది. అక్కడి దొరల సోల్జర్లు చదివి పారేసిన రంగుల బొమ్మల పుస్తకాలు చిత్తుకాగితాలతో కలిసి తూకానికి అంగళ్లకు చేరేవి, అక్కడి నుంచి బొరుగుల పొట్లాలుగా, చెనక్కాయల పొట్లాలుగా ఇళ్లకు చేరేవి. అలా మా బావ చేతికొచ్చిన ఒక పొట్లం మీద, ముఖానికి ముసుగు, భుజాలకు పొడవైన గుడ్డ, ఒంటికి బిగుతైన దుస్తులు వేసుకొని ఆకాశంలో ఎగురుతున్న మనిషి ఉన్నాడు. బావ బొరుగులు నా ఒళ్లో పోసి, ఆ కాగితం పట్టుకొని అంగడికి పోయి, ఆ బొమ్మ ఉన్న కాగితాలన్నీ ఏరి తెచ్చాడు. వాటిలోని ఇంగ్లీషు మాటలకు నేను అర్థం చెప్పాను. మామూలు వేళల్లో ఆ మనిషి కోటు తొడుక్కొని గడియారాలు బాగుచేసుకుంటూ ఉంటాడు. ఎవరికైనా ఆపద వస్తే కోటు విప్పి, ముసుగు తగిలించి, ఎగిరిపోతాడు. అతనికి ఆధారం లేకుండా పైకి లేచే శక్తి ఎలా వచ్చిందో ఆ పుస్తకం ఎక్కడా చెప్పలేదని, ఎవరూ అడక్కుండానే నేను హెచ్చరించాను. వీధిలో ఎవరూ దాన్ని లెక్కచేయలేదు. వాళ్ల చర్చంతా ఆ భుజాల గుడ్డ మీదే సాగింది: పట్టా, నూలా, అంత ఎగిరినా మెలి పడటం లేదంటే ఎంత ఒత్తుగా నేసి ఉండాలి, అంచు ఎందుకు వదిలేశారు. వారం తిరిగేసరికి మగ్గాల వీధిలో ఆయనకు, రెక్కలున్న ఆయన అన్న అర్థంలో, రెక్కలాయప్ప అని పేరు స్థిరపడింది.

ఆయన కథను సినిమాగా కూడా తీశారని మద్రాసు నుంచి కబురు అందగానే మా బావకు నిద్ర పట్టలేదు. అదే సమయంలో ఆయన తండ్రికి ఓపిక నశించింది. నేను మామా అని పిలిచే ఆ పెద్దాయనకు గుడారం మొదటి నుంచీ గిట్టలేదు. నేతగాడు నేసిన గుడ్డను మనుషులు కట్టుకోవాలి గానీ దాని మీద నీడలాడించకూడదని ఆయన పట్టుదల. ఈ సినిమా వచ్చాక జరిగే మొదటి సంతనాటికి గుడారం నిండితే సరి, లేకపోతే గుడారం విప్పేసి బావ మళ్లీ మగ్గంలో కాళ్లు పెట్టాలని తండ్రీకొడుకులు మాట అనుకున్నారు. బావ సరేనన్నాడు గానీ, ఆ పూట అన్నం ముందు కూర్చొని ఊరికే చెయ్యి కడుక్కొని లేవడం నేను చూశాను. మగ్గమంటే ఆయనకు ద్వేషం లేదు. నూలు లేని మగ్గంలో కూర్చొని కాళ్లాడించడమే ఆయన భరించలేనిది.

సినిమా పెట్టెలు రైల్లో ముద్దనూరుకు, అక్కడి నుంచి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులో మా ఊరికి వచ్చాయి. ఆ గుడారంలో కూర్చునే పద్ధతి ఇక్కడ చెప్పాలి. నడుమ తెర, ప్రొజెక్టరు ఉన్న ముందువైపు మగవాళ్లు, తెరకు అవతలివైపు ఆడవాళ్లు. ఆటకు ముందు తెర మీద నీళ్లు చల్లి బాగా తడిపితే వెలుగు గుడ్డలోకి ఇంకి అవతలివాళ్లకూ బొమ్మ కనబడేది, కాకపోతే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారయ్యేవి. మగవాళ్ల కంట పడకుండా సినిమా చూసే వీలున్నందువల్ల ఘోషా పాటించే సాయిబుల ఇళ్ల స్త్రీలు కూడా వచ్చేవారు, ఆ ఏర్పాటును ఎవరూ తప్పుపట్టలేదు.

మొదటి సాయంత్రం చీకటి పడేసరికి జనం బాగానే వచ్చారు. రెక్కలాయప్ప తెర మీదికి ఎగిరి రాగానే ఈలలు మోగుతాయని బావ, ఎగరడం ఎలా చిత్రించారో కనిపెట్టాలని నేను కాచుకొని ఉన్నాం. ఆయన వచ్చాడు. ముందువైపు ఒక్క ఈల లేదు. ఎగిరే దృశ్యం ఒక్కటే తీసి దాన్నే మాటిమాటికీ అతికించారని నాకు రెండోసారికే తెలిసిపోయింది, ప్రతిసారీ ఆయన ఎడమ నుంచి కుడికే ఎగురుతున్నాడు. ఎగిరినప్పుడల్లా గుడారంలో గొణుగుడు పెరిగింది. నా ముందు కూర్చున్న ఇద్దరి మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి.

"ఈడు రెక్కలాయప్ప కాదప్పా. ఆయప్ప గుడ్డలు ఎత్తుకపోయి ఏసుకున్నోడు."

"గమ్మునుండప్పా. అసలాయప్ప కోటేసుకోని ఈ పక్కుండాడు, చూడు. యాళ చూసి ఇప్పుతాడు."

కోటు వేసుకొని కుడిపక్క నుంచి వచ్చినవాడు దొంగల నాయకుడు. రెక్కలాయప్ప మామూలు వేళల్లో కోటు తొడుక్కుంటాడని పుస్తకం చూసి ఊరంతటికీ తెలుసు, సినిమాలో మాత్రం ఆయన మొదటి నుంచీ ముసుగులోనే ఉన్నాడు కాబట్టి, ఆ దొంగనాయకుడే మారువేషంలోని రెక్కలాయప్ప అనుకొని, అతడు కోటు విప్పే క్షణం కోసం వాళ్లు చివరిదాకా ఓపికతో ఎదురుచూశారు. చివరికి అసలు రెక్కలాయప్ప ఆ కోటు మనిషిని ఎత్తి నేలకేసి కొట్టి పోలీసులకు అప్పగించాడు.  దీపాలు వెలగగానే జనం బావను చుట్టుకొని, అసలోడు యాడ అని నిలదీశారు. మామ మాత్రం తీరికగా పైపంచె దులుపుకున్నాడు.

"చూస్తివా అయివారూ" అన్నాడు నాతో. "మంచోడు జైలుకు పాయ, గుడ్డల దొంగ ఆకాశానికి పాయ. ఇదేం కతప్పా. దీనికోసరమా మావోడు మగ్గం ఇడిసిపెట్టింది."

బావ ఇంజను ఆపి, దాని మీద చెయ్యి వేసి, అది చల్లబడేదాకా అలాగే నిలబడ్డాడు.

మర్నాడు బడికి సెలవు కావడంతో నేను మగ్గాల వీధిలో ఇల్లిల్లూ తిరిగి విచారించాను. మనిషి ఎగరడం అసాధ్యమని జనం తిరస్కరించారని నా మొదటి ఊహ; అది వెంటనే కూలిపోయింది. ఎగిరేవాళ్లు మన కథల్లో శానామంది ఉండారని, ఆ విషయంలో రెక్కలాయప్పతో తమకు పేచీ లేదని అందరూ చెప్పారు. మాటలు ఇంగ్లీషు కావడమే కారణమా అనుకున్నాను, రంగుల పుస్తకంలోని ఎర్రగుడ్డ తెర మీద నల్లబడటం కారణమా అనుకున్నాను. ఈ ఊహలన్నీ వేసుకొని ఇంటికి వచ్చి, మజ్జిగ తాగుతూ అక్కతో చెబితే, ఆమె కండె చుట్టడం ఆపకుండానే నవ్వింది.

"మాకేం కష్టం లేకపాయనే. శానా మంచోడు ఆయప్ప. కోటోన్ని ఎత్తి ఏసినప్పుడు పక్కింటి సాయిబుగారమ్మ నవ్వి నవ్వి నా బుజం పగలగొట్టె."

లోటా కింద పెట్టి లెక్క వేసుకున్నాను. అదే సినిమా, అదే ఇంగ్లీషు, అదే నలుపు, అదే ఎగరడం. తెరకు ఒకవైపు ఉన్నవాళ్లకు మంచివాడుగా కనిపించినవాడు రెండోవైపు వాళ్లకు దొంగగా కనిపించాడు. రెండు వైపులకూ తేడా కుడి ఎడమలు మారడం ఒక్కటే. ఆడా మగా అన్న తేడా ఉంది గదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అదే అడిగాను, దాని పరీక్ష తరువాత వస్తుంది. కుడి ఎడమలకు మంచి చెడులతో ఏం సంబంధమని ఆలోచిస్తూ, జవాబు నేనే నోట్లో పెట్టకుండా, మామ దగ్గరికి పోయి, మన దగ్గరికొచ్చే తోలుబొమ్మలాటలో రాక్షసుడు ఏ పక్క నుంచి వస్తాడని అడిగాను.

"ఎడంపక్కే గదప్పా. దేవుళ్లు కుడిపక్క, రాక్షసులు ఎడంపక్క. మార్చి తెస్తే జనం ఊరుకుంటారా" అన్నాడు, సైన్సు చదివినవాడికి ఇంతమాత్రం తెలియదా అన్నట్టు.

బొమ్మలాట మేళాలన్నీ ఇదే పద్ధతి పాటిస్తాయా అని తరువాతి కాలంలో నేను ఆరా తీశాను, అలా అనడానికి నాకు ఆధారం దొరకలేదు. కానీ మా ఊరి ఇసుకలో ఏటేటా ఆడే మేళానిది ఆ పద్ధతే, మా వాళ్లు తెర అనేదాన్ని చూడటం నేర్చుకున్నది ఆ మేళం దగ్గరే. తెలుగు టాకీల్లో మాటలు అర్థమవుతాయి, కిరీటం చూస్తేనే రాజెవరో తెలుస్తుంది, కాబట్టి ఎవరు ఏ పక్క నుంచి వచ్చినా చిక్కు రాలేదు. ముఖం కనబడని మనిషి, అర్థం కాని భాష కలిసేసరికి వాళ్లకు మిగిలిన గుర్తు ఆ పక్క ఒక్కటే అయింది.

ఊహ బాగుందని ఒప్పేసుకోవడం నాకు చేతకాదు. సంతకు ఇంకా ఒక సాయంత్రం ఉంది. ఆ సాయంత్రం మగవాళ్లను తెర వెనక, ఆడవాళ్లను తెర ముందు కూర్చోబెట్టమని బావను వేడుకున్నాను. ప్రొజెక్టరు నడిపే మనిషికి ఒక తడక అడ్డం కట్టాం. వచ్చినవాళ్లు కొద్దిమందే, అదీ నాకు కలిసివచ్చింది, ఎందుకంటే వాళ్లలో ఎక్కువమంది ముందునాడు చూడనివాళ్లు. చూసినవాళ్ల అభిప్రాయం నాకు పనికిరాదు. ఈ మాట మామకు కష్టమనిపించింది. "నా సాచ్చికం చెల్లదంటే ఎట్లప్పా. నేనేమన్నా దొంగ సాచ్చికం చెప్పేటోన్నా" అని, వద్దంటున్నా పోయి తెర వెనక ముందు వరుసలో కూర్చున్నాడు.

తెర వెనకనున్న మగవాళ్లకు రెక్కలాయప్ప కుడిపక్క నుంచి వచ్చాడు. వాళ్లలో ఎవడో ఈల వేశాడు, తరువాత ఇంకొకడు, ఆ తరువాత ఎవరెవరో లెక్కపెట్టడం నేను మానేశాను. తెర ముందున్న ఆడవాళ్ల వైపు మాత్రం గాజుల చప్పుడు కూడా లేదు. తడక సందులో నుంచి వింటున్న నాకు మా అక్క గొంతు వినబడింది.

"నిన్న మంచోడే గదమ్మా. ఈ పొద్దు ఏమొచ్చె ఈనికి, దొంగచూపులు చూస్తాండాడు" అంటోంది సాయిబుగారి తల్లితో.

ఆడా మగా తేడా అక్కడితో కొట్టుకుపోయింది. మద్రాసులో ప్రయోగశాలలో ఎన్ని ప్రయోగాలు చేశానో గాని, అంత శుభ్రంగా తేలిన ఫలితం నేను మరెక్కడా చూడలేదు. ఆట అయ్యాక మామ ఇసుకలో నుంచి లేస్తూ, "ఈ పొద్దు అసలోన్ని తెప్పిచ్చినారు, అదీ పని" అన్నాడు. ఇది నిన్నటి సినిమాయేనని ఎంత చెప్పినా ఆయన చనిపోయేదాకా నమ్మలేదు.

ఇక సంతరోజు. జరగవలసిందేమిటో తెలిసిపోయింది: ఊరంతా తెరకు వెనకవైపే కూర్చోవాలి. బావా, నేను, ఇంజను మనిషి కలిసి తెర గుంజలను పీకి ప్రొజెక్టరుకు దగ్గరగా పాతాం. దానివల్ల బొమ్మ కొంచెం చిన్నదైనా వెలుగు పెరిగి, తడిగుడ్డలో నుంచి నిండుగా దిగింది. అంతా సిద్ధమయ్యాక అసలు అడ్డంకి ఎదురైంది. ఆడవాళ్ల పక్కకు మేమెట్ల పోయేదని మగవాళ్లు, వాళ్లొస్తే మేం లేచిపోతామని ఆడవాళ్లు గుడారం వాకిట్లోనే నిలబడిపోయారు. సంతకొచ్చిన జనం వెనక్కి తిరిగితే ఆ గుడారం ఇక నిలవదు. బావ ఎవరినీ బతిమాలలేదు. ఆయన చేతిలో నీళ్ల బొక్కెన ఉంది, దానితో తెర తడుపుతూనే ఉన్నాడు, గుడారపు దీపాల వెలుగులో ఆయన ముఖం తెరలాగే పాలిపోయి ఉంది.

మామ ఇంటివైపు నడిచిపోవడం చూసి, పందెం గెలిచానని పోతున్నాడనుకున్నాను. నా అంచనాల్లో తప్పిపోయిన వాటిలో అది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కాసేపటికి ఆయన భుజం మీద ఒక పెద్ద గుడ్డ చుట్టతో తిరిగి వచ్చాడు. ఇంట్లో మిగిలిన ఒక్క మగ్గం మీద తాను నేసి, సంతలో అమ్మకుండా ఉంచుకున్న పొడవాటి తెల్లగుడ్డ అది. దాన్ని కొడుకు కాళ్ల దగ్గర దించాడు.

"నడాన దీన్ని కట్టి తగిలియ్యండి. ఈ పక్క వాళ్లు, ఆ పక్క వీళ్లు. మాసిపోతే మీ అక్క ఉతుకుతాది" అన్నాడు నాతో, కొడుకు ముఖం చూడకుండా.

గుడారం నడుమ ఆ గుడ్డ పొడవునా సాగి నిలబడింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, అందరూ తెరకు ఒకే పక్క చేరారు. చోటు చాలక గుడారం అంచులు పైకి చుట్టి కట్టేశాం. బయట బండ్ల మీద నిలబడి చూసినవాళ్లూ ఉన్నారు. రెక్కలాయప్ప కుడిపక్క నుంచి, ముక్కు మీద కుట్టుగీతతో, ఎగిరి వచ్చినప్పుడు లేచిన కేకకు ఇంజను చప్పుడు వినబడలేదు. ఇంగ్లీషు చదవగల ప్లీడరు గుమాస్తా ఒకాయన మాత్రం, అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయని లేచి ఫిర్యాదు చేశాడు. "కూర్చో సామీ, అచ్చరాలు ఇంటికాడ సదువుకో" అని చుట్టూ ఉన్నవాళ్లు ఆయనను కిందికి లాగారు. కోటు మనిషి నేలకు తగిలినప్పుడు, అడ్డుగుడ్డకు అటువైపు నుంచి మా అక్క గొంతు అందరికీ వినబడేలా పలికింది.

"ఇన్ని దినాలకు మొగోళ్లు సరైన పక్కకొచ్చినారప్పా."

రెండువైపులా ఒకేసారి నవ్వు లేచింది. ఆ గుడారంలో ఆడా మగా కలిసి నవ్వడం నేను విన్నది అదే మొదలు. ఆ రాత్రి జనం మా బావను భుజాల మీద ఊరేగించారని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, అది నిజం కాదు; నేనక్కడే ఉన్నాను, భుజాల మీద మోసింది గుంజలను. అయితే బావ ఇంటికి వచ్చి, నాలుగు ముద్దలు అన్నం తిని, ఇంకా పెట్టమని అడిగిన మాట నిజం. మగ్గంలో కాళ్లు పెట్టే సంగతి ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు. మైలవరం వైపు నుంచి కూడా బండ్లు కట్టుకొని జనం వచ్చారు, మద్రాసువాళ్లు పెట్టెలు తిరిగి పంపమని గట్టిగా అడిగేదాకా రెక్కలాయప్ప మా ఊరు వదల్లేదు. ఆయన వెళ్లిపోయి, మళ్లీ తెలుగు టాకీలు వచ్చాక కూడా, ఆడవాళ్లు తెర వెనక్కి పోలేదు. తెర ముందుకే వచ్చి, అడ్డుగుడ్డకు తమ వైపు కూర్చున్నారు. ఎండాకాలంలో గాలి ఆడటం లేదని ఆ గుడ్డను సగం దాకా జరిపారు. ఆ తరువాత ఒకనాడు మాసిందని అక్క దాన్ని ఉతకడానికి తీసుకుపోయింది. ఉతికిందో లేదో నాకు తెలియదు గాని, తిరిగి కట్టలేదు, కట్టమని ఎవరూ అడగలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదికి బావ రేకుల కొట్టం వేయించి, గట్టి తెర తెప్పించి, దాని వెనక గోడ కట్టించాడు. అంతకంటే పెద్ద హాళ్లు వచ్చాక ఆ కొట్టమూ పోయింది, బావా అక్కా కూడా పోయారు. మొన్న సినిమా అయిపోయి అందరూ లేస్తుంటే, ఆ తెర వెనక ఏముందని మా మనవరాలిని అడిగాను. గోడ తాతా అంది. ఇప్పటి తెరలు చాలా పెద్దవి, వాటికి కుట్టు లేదు, ఎవరి ముక్కు మీదా గీత పడదు. ఎవరు మంచివాడో తేల్చుకోలేక నాకు సందేహం కలిగినప్పుడు మాత్రం, అవతలివైపు నుంచి చూసినవాళ్లను అడుగుదామని ప్రాణం కొట్టుకుంటుంది. అవతలివైపు ఎవరూ కూర్చోవడం లేదు.